తెర వెనక విస్తరి

ఆ శుక్రవారం తెల్లారేసరికి ఓబులమ్మ ఎడమ కంట్లో నీళ్ళు కారడం మొదలైంది. అసలు జబ్బు కంట్లో లేదు, నాలుక మీద ఉంది.

మొన్ననే పక్కింటి రాఘవమ్మ అనుమసముద్రంపేట దర్గాలో మొక్కు చెల్లించుకుని, వస్తూ వస్తూ ఆత్మకూరులో మల్లికార్జునం హోటలుకు వెళ్ళొచ్చింది. ఇల్లు చేరిన దగ్గర నుంచి దర్గా మాట ఎత్తితే ఒట్టు.

“అట్టే గాని మనం పోసే అట్టు గాదు వదినా. ఎర్రంగా, కరకరమంటా, ఇంత పొడుగు. కడుపులో ఉర్లగడ్డ కూర దాచిపెట్టి మడిచినారు. మసాలా దోశంట. పెనం మీద నించి తీసి నేరుగా మన ముందరే ఏసినాడు. పొగ మొగానికి తగిలిందనుకో!”

ఓబులమ్మను పట్టుకున్నది ఉర్లగడ్డ కాదు, ఆ పొగ. కాపరానికి వచ్చిన నాటి నుంచి ఆమె ఆ ఇంట్లో అట్లు పోస్తూనే ఉంది. పెనం మీది అట్టు మొగుడికి, తర్వాత మరుదులకు, బిడ్డలకు, పొలం తగాదాలతో అరుగెక్కినవాళ్ళకు. వాళ్ళంతా తిని లేచాక తాను కూర్చునేసరికి మిగిలిన అట్టు వానకు తడిసి ఎండిన చెప్పులా ఉండేది. ఇంకొకరు పోస్తుంటే తాను కూర్చుని, ఒక్కటంటే ఒక్క అట్టు, పొగలు కక్కుతుండగా తినాలి. కాశీ రామేశ్వరాల మీద కూడా ఆమెకు అంత కోరిక లేదు.

ఈ మాట, చుట్టుపక్కల ఊళ్ళ తగాదాలకు తీర్పులు చెప్పే మొగుడు పెంచలరెడ్డితో అనే వీలు లేదు. ఆయన లెక్కలో హోటలంటే అన్నం అమ్ముకునే కొంప. అందుకని పథకం కంటి మీద పెట్టింది. రాఘవమ్మను తోడు తీసుకుని ఆత్మకూరు ఆస్పత్రికి పోవడం, చుక్కలు వేయించుకోవడం, అట్టు తినడం, పొద్దుగూకే లోపల ఇల్లు చేరడం.

“కన్నంటే మాటలా? రాఘవమ్మ ఎందుకు, నేనే తీసకపోతా,” అన్నాడు పెంచలరెడ్డి కండువా దులిపి. “తినేదానికి సద్ది గట్టు.”

కట్టక తప్పలేదు. పెరుగన్నం, ఊరగాయ మూటగట్టి, నెల్లూరు పోయే కామయ్య బస్సులో పై బల్ల మీద పెట్టింది. ఆత్మకూరులో దిగాక బస్సు మూటతో సహా కదిలిపోతుంటే, ఒక కంట నీళ్ళు కారుస్తూ రెండో కంట దాన్నే చూస్తూ నిలబడింది. నోరు మాత్రం విప్పలేదు.

ఆస్పత్రిలో వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు రెప్ప తిరగేసి చూసి, “కన్ను బంగారంలాగా ఉండాదే!” అని ఆశ్చర్యపోయి, ఉట్టి చేతుల్తో పంపలేక చుక్కల మందు వేశాడు.

“మూటేది?” అన్నాడు పెంచలరెడ్డి బయటికి రాగానే.

“అయ్యో! బస్సులోనే మరిచినా!”

పెంచలరెడ్డి కోపం ఆపుకోగలడు గాని ఆకలి ఆపుకోలేడు. ఎదురుగా మల్లికార్జునం హోటలు. నేతి వాసన రోడ్డుకు అడ్డం పడి ఎవర్నీ పోనివ్వడం లేదు. ఆయన గుమ్మం దాకా పోయి ఆగిపోయాడు. కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి రమ్మనే మనిషి కనిపించలేదు.

“పిలవని ఇంటికి ఎట్ల పోయేది?”

“బోర్డు మీద రాసుండారు గదయ్యా, దయచేయండని,” అన్నాడు సర్వర్ శీనయ్య. “అమ్మా, ఆడోళ్ళకు ఆ తెర వెనక.”

ఓబులమ్మ తెర వెనక్కి పోయింది. పెంచలరెడ్డి బల్ల ముందు కూర్చున్నాడు. విస్తరాకు, దాని మీద దోశ వచ్చాయి. తిన్నాడు. బాగుందని అనలేదు, రెండోది తెమ్మన్నాడు.

చిక్కు అక్కడే మొదలైంది. పక్కన కూర్చున్న తాలూకాఫీసు గుమాస్తా రమణయ్య తినడం ముగించి, ఆకు మడిచి లేచాడు.

“ఏందబ్బా అది?” పెంచలరెడ్డి గొంతు వంటింటి దాకా వినబడింది. “బంతిలో కూర్చున్నాక మధ్యలో లేస్తావా? పక్కనోళ్ళు తింటా ఉంటే?”

“ఇది హోటలండీ...”

“హోటలైతే? ముందర ఆకు ఉండాదా లేదా?”

రమణయ్య కూర్చున్నాడు. లేవబోతున్నవాళ్ళు కూడా కూర్చున్నారు. రెడ్డి అంటే భయం కొంత ఉన్నా, అసలు సంగతి అది కాదు. బంతి మధ్యలో లేవకూడదన్న మాట అందరూ తమ ఇళ్ళలో విన్నదే. ఒకసారి పైకి అన్నాక, మర్యాద తెలియనివాడుగా మొదట లేవడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు.

ఊరికే ఎంతసేపని కూర్చుంటారు? ఒకడు ఇంకో దోశ చెప్పాడు. అది చూసి పక్కవాడు చెప్పాడు. వీడిది అయ్యేసరికి వాడిది మొదలు, వాడిది అయ్యేసరికి ఎదుటివాడిది సగం. మల్లికార్జునానికి మొదట్లో ఈ రెడ్డి దేవుడిలా కనిపించాడు. కాసేపటికి, లోపలివాళ్ళు బయటికి రావడం లేదనీ, బయటివాళ్ళు లోపలికి రాలేకపోతున్నారనీ తెలిసింది. ఇంతలో నెల్లూరు నుంచి బస్సు తోలుకుని తిరిగొచ్చిన డ్రైవరు కామయ్య ఖాళీగా ఉన్న ఒకే ఒక చోట కూర్చుని ఒక దోశ తిని, తానూ ఇరుక్కుపోయాడు. బయట ఉదయగిరి ప్రయాణికులు కాచుకుని ఉన్నారు. కండక్టరు హారన్ మోగిస్తున్నాడు.

“లోపల ఏంది?” అని ఎవరో అడిగారు.

“పెంచలరెడ్డి పంచాయతీ పెట్టినాడంట.”

ఆ మాట విని, గట్టు తగాదా ఉన్న ఇద్దరు రైతులు ఎక్కడి నుంచో వచ్చి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“పెనం దించరా శీనయ్యా!” అని అరిచాడు మల్లికార్జునం. మందు పనిచేసింది. ఒక్కొక్క ఆకే ఖాళీ అయింది. పెంచలరెడ్డి తలెత్తి బల్లలన్నీ కలియజూశాడు.

“అందరిదీ అయినట్టేనా?”

“తెర వెనక అమ్మది కాలేదయ్యా,” అన్నాడు శీనయ్య.

“ఎంతసేపు తింటాది?”

“ఇంకా మొదలే పెట్టలేదు. మీరు తిని లేస్తే గాని ముట్టనంటా ఉండాది.”

ఆమె తినందే ఆయన లేవడు. ఆయన లేవందే ఆమె తినదు. గుమాస్తా రమణయ్య తల పట్టుకున్నాడు. కామయ్య బస్సు తాళం తీసి మల్లికార్జునం చేతిలో పెట్టి, “ఇంక నువ్వే తోలుకోపో సామీ,” అన్నాడు.

“రెడ్డిగారూ, మీరొక్క నిమిషం లేచి కూర్చోండి,” అని బతిమాలాడు మల్లికార్జునం.

“ఇంతమందిని కూర్చోబెట్టి నేను లేచేదా? రేపు ఏ మొగంతో తీర్పులు చెప్పేది?”

మల్లికార్జునం తెర దగ్గరికి పరుగెత్తాడు. “తల్లీ, నువ్వన్నా రెండు ముక్కలు నోట్లో ఏసుకో.”

ఓబులమ్మ తన ముందున్న దోశ వంక చూసింది. నెయ్యి పేరుకుంది, అంచులు మెత్తబడ్డాయి. మొగుడు తిని లేవకముందే ముట్టడానికి చెయ్యి రాక కూర్చునేసరికి, పొగ ఎప్పుడో పోయింది. ఇంత దూరం వచ్చినా చివరికి తన వంతుకు వచ్చింది ఇంట్లో తినే అట్టే.

“తింటా,” అంది, బయటికి వినబడేటట్టు. “నన్ను తినమని ఆయన్ని చెప్పమను. ఈ చల్లారింది కాదు, వేడిది.”

అందరి కళ్ళూ పెంచలరెడ్డి మీద పడ్డాయి. ‘వడ్డించు’ అన్న మాట ఆ నోటి నుంచి రోజూ వచ్చేదే. ‘తిను’ అన్నది మాత్రం ఎన్నడూ వచ్చి ఎరగదు. గొంతు సవరించుకున్నాడు. కండువా సర్దుకున్నాడు. బయట హారన్ మోగింది.

“ఓబులా... తిను. శీనయ్యా, వేడిది పొయ్యరా ఆమెకు.”

దించిన పెనం మళ్ళీ ఎక్కింది. దోశ చుయ్యిమన్న శబ్దం హోటలంతా విన్నారు. శీనయ్య దాన్ని ఉత్సవ విగ్రహాన్ని మోసినట్టు మోసుకుపోయాడు. తెర వెనక కరకర వినబడింది. కొంతసేపటికి, “ఇంకొకటి,” అన్న మాట వచ్చింది. ఎవరూ సణగలేదు.

“నిదానంగా తినమ్మా, బస్సు యాడికీ పోదు!” అన్నాడు కామయ్య. పెళ్ళాం తింటుంటే మొగుడు కాచుకుని కూర్చోవడం అంతమందీ మొదటిసారి చూస్తున్నారు. వదులుకోవడానికి ఎవరికీ తొందరలేదు. పెంచలరెడ్డి ఖాళీ ఆకు మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

కాఫీ కూడా తాగి ఓబులమ్మ మూతి తుడుచుకుంటూ తెర తీసుకుని వచ్చింది. పెంచలరెడ్డి లేచాడు. హోటలు హోటలంతా ఒక్కసారి లేచి చేతులు కడిగే తొట్టి మీద పడింది.

బస్సెక్కితే పై బల్ల మీద సద్దిమూట పెట్టింది పెట్టినట్టే ఉంది.

“పొద్దన మరిచిన మూట మీదే గదా రెడ్డీ,” అన్నాడు కామయ్య. “అమ్మ చూస్తానే నిలబడుండాదని కండక్టరు అన్నాడు. పిలుస్తాదేమో అనుకున్నాడంట.”

పెంచలరెడ్డి మూట వంక చూశాడు. పెళ్ళాం వంక చూశాడు. ఓబులమ్మ కొంగుతో కన్ను ఒత్తుకుంది. బస్సు సగం దారి దాటింది.

“కన్ను ఎట్లుండాది?” అన్నాడు చివరికి.

“తగ్గింది.”

“పూర్తిగానా?” అన్నాడాయన, కొంచెం దిగులుగా.

నెల తిరక్కుండానే పెంచలరెడ్డి కుడి కంట్లో నీళ్ళు కారడం మొదలైంది. సద్ది కట్టమని మాత్రం ఆయన అనలేదు.