చెట్టు పేరు ఫోన్‌నడగండి

బొటానికల్ గార్డెన్‌లో చెట్ల పేర్లు చెట్ల మీదే రాయడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు! మీరే ఆలోచించండి. పలక మీద పేరుంటే ఏం చేస్తాం? చదువుతాం, "ఓహో" అంటాం, పక్క చెట్టు దగ్గరికి పోతాం. చెట్టుకు అందులో మర్యాదేముంది?

ఆల్మాటీలో ఓ పాత తోటవాళ్ళు ఈ అన్యాయాన్ని కనిపెట్టారు. తాతల నాటి ఇనుప పలకలన్నీ పీకేసి, చెట్టుకో క్యూఆర్ కోడ్ తగిలించారు. దానివల్ల ఎన్ని లాభాలో రైహాన్‌కి తెలుసు.

రైహాన్ పెరట్లో ఓ ఆపిల్ చెట్టుండేది. వాళ్ళ నాన్న ఈ తోటలోంచే కొమ్మ తెచ్చి అంటుకట్టిన చెట్టు. పోయిన చలికాలం మంచుకు మాడిపోయింది. అంటుకట్టే రోజులు రాగానే ఆవిడ మొగుడు సైత్‌కలిని వెంటేసుకుని తోటకొచ్చింది. తోటమాలి మాక్పాల్ మంచి పిల్లే.

"పేరు చెప్పండి మామ్మా, కొమ్మ కోసిస్తా."

పేరు! నాన్న దాన్ని 'మన ఆపిల్' అనేవాడు. ఆయన పోయాక ఇంకెవర్నడగాలి?

"పలక మీద ఉండేదిగా? చదివితే గుర్తొస్తుంది."

"ఇప్పుడు ఫోన్‌లో ఉంటుంది."

వీళ్ళ దగ్గరున్నది బటన్ల ఫోన్. చూశారా మొదటి లాభం! పెళ్ళి ఫొటోలు దిగుతున్న ఓ కుర్రాణ్ణి సైత్‌కలి బతిమాలుకోవలసొచ్చింది. పలకలుంటే పరాయి పెళ్ళిలో దూరే భాగ్యం దక్కేదా? పెళ్ళికొడుకు ఫోనిచ్చాడు. పెళ్ళికూతురు నూనెలో వేయించిన వేడివేడి బౌర్సాక్ ఉండలు చేతిలో పెట్టింది.

చెట్టు మీది కోడ్‌కి చూపించినా ఫోన్ మాత్రం ఊరికే పేరు చెప్పలేదు. సైత్‌కలి మనిషో యంత్రమో తేల్చుకోవాలంది. 'చెట్లున్న బొమ్మలన్నీ ఎంచుకోండి' అంది. నిజం చెట్టు నీడలో నిలబడి ఆయన బొమ్మ చెట్లు వెతికాడు. వెతికి వెతికి ఒకదాన్ని నొక్కాడు.

"అది కరెంటు స్తంభం, ముసలాయనా!"

"అడ్డంగా కొమ్మలు కనపడట్లా?"

"నన్నూ ఇలాగే చూసి చేసుకున్నావు కాబోలు."

"అప్పుడు చూపు బాగానే ఉండేది. అదే నా ఖర్మ!"

ఎట్టకేలకు ఆయన మనిషేనని ఫోన్ ఒప్పుకుంది. పేజీ తెరుచుకుంది. అందులో తోట క్యాంటీన్ మెనూ ఉంది!

రైహాన్ ఫోన్ తిరిగిచ్చేసింది. రాలిన పండొకటి తీసి, తలగుడ్డ అంచుకు తుడిచి కొరికింది. ఒట్టి పిండి. ఇంకో చెట్టు కిందది కొరికింది. నోరు పిడచగట్టే వగరు.

"వద్దే, కడుపు పాడవుద్ది," అని సైత్‌కలి సణుగుతూ వెనకే నడిచాడు.

ఓ మూల చెట్టు దగ్గర ఆవిడ నమలడం ఆపేసింది. ముందు పులుపు. కాసేపటికి తీపి. ఆ వెనకాల ఎక్కడో సోంపు వాసన. మిగతా సగం మొగుడికిచ్చింది. ఆయన మెల్లగా నమిలాడు.

"మామగారి చెట్టే," అన్నాడు. కడుపు మాటే మర్చిపోయి గింజల దాకా తినేశాడు.

మాక్పాల్ కత్తి తెచ్చింది. "పేరేంటి మామ్మా?"

"నీకు తెలీదూ?"

"నేను కొత్త. నాకూ ఆ కోడే దిక్కు."

రైహాన్ రెప్ప వెయ్యలేదు. "సైత్‌కలి సణుగుడు."

"అదేం పేరు?"

"మొదట పులుపు. ఓపిక పడితే తీపి."

మాక్పాల్ పడీపడీ నవ్వి కొమ్మ కోసిచ్చింది. ఆ పేరు ఓ అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి చెట్టుకు కట్టింది. రైహాన్ పెరట్లో అంటు చిగురేసింది. సైత్‌కలి రోజూ దానికి నీళ్ళు పోస్తూ, నా పేరే దొరికిందా అని సణుగుతున్నాడు.

తోటలో ఆదివారం వస్తే చాలు, ఆ మూలంతా జనమే! పంతులమ్మలు పిల్లల చేత ఆ పేరు వల్లె వేయిస్తున్నారు. కొత్త జంటలు అక్కడే ఫొటోలు దిగుతున్నాయి.

కాబట్టి చదువరులారా, కోడ్‌లు తీసేయమని ఎవరూ అర్జీలు పెట్టకండి. అంత పెద్ద తోటలో జనం ఆగి చదువుతున్నది ఆ ఒక్క చెట్టునే. తప్పు పేరే, కాదనను. కానీ చెట్టు మీద రాసుంది!