తయారైన తోట

చెంచురామయ్య ఆ రోజు పొద్దున వేసుకున్న పథకంలో ప్రమాదం అన్నది ఎక్కడా లేదు. మరునాడు ప్రొఫెసర్ గారూ, పేపరు మిల్లు జనరల్ మేనేజరూ పరిశోధన తోట చూడడానికి వస్తున్నారు. ఈలోగా తను మణుగూరు వెళ్లి గెస్ట్‌హౌస్‌లో రెండు గదులు చెప్పాలి. బిస్కట్లూ, మంచి టీపొడీ కొనాలి. గడ్డం గీయించుకోవాలి. తోట సంగతి వాచ్‌మన్ బద్యా చూసుకుంటాడు.

పినపాక అవతల అడవి అంచున ఉన్న ఆ జామాయిల్ తోట యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగమూ, మిల్లూ కలిసి పెట్టింది. కాగితం చేయగా మిగిలే నల్లటి మడ్డిని ఎరువుగా వేస్తే జామాయిల్ త్వరగా ఎదుగుతుందా అన్నది తేల్చాలి. రోడ్డు పక్కనున్న పై మడికి మడ్డి వేశారు. వాగువైపున్న కింది మడికి వేయలేదు. మడ్డిని ఎక్కడ పారబోయాలో తెలియక మిల్లుకు యూనివర్సిటీ గుర్తొచ్చింది. జీపు లేక యూనివర్సిటీకి మిల్లు గుర్తొచ్చింది. ఇద్దరి మధ్యా అడవిలో పడి ఉండడానికి ఒక మనిషి కావలసి వచ్చి, ప్రొఫెసర్ గారి దగ్గర డాక్టరేటు చేస్తున్న చెంచురామయ్య గుర్తొచ్చాడు.

ఆరు నెలల్లో వెనక్కి పిలిపిస్తామని చెప్పి పంపారు. రెండేళ్లు దాటింది. భార్య రుక్మిణి సత్తుపల్లిలో టీచరు. నెలకోసారి ఇంటికి వెళ్తే నాలుగేళ్ల కూతురు గుమ్మంలో నిలబడి, లోపలికి తిరిగి, "అమ్మా, జామాయిల్ నాన్న వచ్చాడు" అని కబురు చెప్పేది, వేరే నాన్న ఇంకెవరో ఉన్నట్టు. కిందటిసారి బస్సెక్కేటప్పుడు రుక్మిణి నెమ్మదిగానే అంది, "లెక్చరర్ పోస్టు ఈసారి కూడా రాకపోతే ఒక మాట చెప్పండి. ఎదురుచూడడం మానేసి, మిమ్మల్ని సెలవులకు వచ్చే చుట్టం కింద జమకట్టుకుంటాను."

ఆ పోస్టు ప్రొఫెసర్ గారి చేతిలో ఉంది. కాబట్టి రేపటి రాక సవ్యంగా జరగాలి. అసలే రెండేళ్ల పరిశోధనలో తేలిన సంగతి చెప్పుకోదగ్గదిగా లేదు. మడ్డి వేసినా వేయకపోయినా జామాయిల్ తన ఇష్టమొచ్చినట్టు ఎదుగుతోంది. రెండు మడుల్లోనూ కొన్ని చెట్లు రెండు నిలువుల ఎత్తున్నాయి, కొన్ని మనిషంత ఎత్తు దగ్గరే ఆగిపోయాయి. ఆ మాటే రెండుసార్లు రాసి పంపాడు. మిల్లువాళ్లకు అది రుచించలేదని విన్నాడు. కనీసం చెట్లయినా చూడ్డానికి ముచ్చటగా ఉండాలి. చుట్టూ కలుపు పీకించి, మొదళ్లకు సున్నం కొట్టించి, చెరిగిపోయిన నంబర్లు మళ్లీ వేయించాలని అతని ఉద్దేశం. బస్సుకు వేళవుతోందని ఆ ఉద్దేశాన్ని క్లుప్తంగా చెప్పాడు.

"బద్యా, రేపు పెద్దసార్లు వస్తున్నారు. నేను తిరిగొచ్చేసరికి జామాయిలంతా తయారుగా ఉండాలి."

"అంతనా సార్?"

"అంతా. ఒక్క చెట్టు కూడా వదలొద్దు."

"ఒక్కనితోని గాదు సార్. తండా మందిని పిలవాలె."

"పిలువు. మంగ్లికి చెప్తే మనుషుల్ని తీసుకొస్తుంది" అని చెంచురామయ్య సంచీ తీసుకుని రోడ్డు మీదికి నడిచాడు.

ఇక్కడికి రాకముందు బద్యా ఏళ్ల తరబడి మిల్లు తరఫున కట్టె కొట్టించే చోట కాపలా ఉన్నవాడు. అక్కడ తయారు అన్న మాటకు ఒకటే అర్థం.

మధ్యాహ్నం చెంచురామయ్య బిస్కట్ల పొట్లంతో, నున్నటి గడ్డంతో బస్సు దిగాడు. మలుపు తిరగగానే ఆకాశం రోజూ కన్నా ఎక్కువగా కనిపించింది. ఎందుకో అర్థం కాలేదు. ఇంకో నాలుగడుగులు వేశాక అర్థమై, పొట్లం కింద పడేశాడు. రెండు మడుల్లోనూ ఒక్క చెట్టూ నిలబడి లేదు. కొట్టిన జామాయిలంతా వాగుకూ రోడ్డుకూ మధ్య ఒకటే కుప్పగా పడి ఉంది. ఆ కుప్ప పక్కన తండా మేస్త్రీ మంగ్లి మనుషులతో కూర్చుని సద్ది విప్పుతోంది.

"అచ్చిన్రా సార్" అంది మంగ్లి. "కొమ్మలు ఇంక కొట్టలే. అన్నం తిని కొడ్తం. జల్దీనే అయితది."

చెంచురామయ్య దగ్గర్లో ఉన్న మొద్దు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక అది తన పంతొమ్మిదో నంబరు చెట్టని గుర్తొచ్చి లేచి నేల మీద కూర్చున్నాడు. బద్యా వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మీరే చెప్తిరి గద సార్, తయారు జెయ్యమని."

"చెప్పాను."

"ఒక్క చెట్టు ఇడ్వద్దంటిరి."

"అన్నాను బద్యా."

"గట్లనే జేసినం" అన్నాడు బద్యా, ఇంక తనవైపు నుంచి లోటేమీ లేదన్నట్టు.

చెంచురామయ్య ఆ కుప్పకేసి చూస్తూ లెక్చరర్ పోస్టును ఒకసారి, డాక్టరేటును ఒకసారి, రుక్మిణి మొహాన్ని ఒకసారి తలుచుకున్నాడు. ఏ చెట్టు ఏ మడిదో ఇక ఎవరికీ తెలియదు. రేపు ఏదో ఒకటి చెప్పాలి. దొంగలు పడ్డారనాలా, గాలివాన వచ్చిందనాలా? రెండిట్లో ఏది నమ్మకంగా ఉంటుందో ఆలోచించుకోవడానికి ఒక రాత్రి ఉంది కదా అనుకుంటుండగా మిల్లు డ్రైవరు మోటారుసైకిలు మీద వచ్చి ఆగాడు.

"సార్లు భద్రాచలం నుంచి బయల్దేరిన్రు సార్. రేపు గుళ్లె దర్శనం పెట్టుకున్నరట. అందుకని తోట ఇయ్యాల్నే చూసిపోతరట" అని చెప్పి, అతను చుట్టూ చూసి, "మంచిగ సాఫైంది జాగ" అని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

మనిషికి ఆశ పూర్తిగా పోయినప్పుడు బుద్ధి కూడా దాని వెంటే పోతుంది. చెంచురామయ్య లేచి నిలబడ్డాడు.

"మళ్లీ నిలబెట్టండి" అన్నాడు.

"ఏంది సార్?" అంది మంగ్లి.

"చెట్లు. గుంతలు తీసి మళ్లీ నిలబెట్టండి."

మంగ్లి, బద్యా తమ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత మంగ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఎండ తగిలినట్టుంది సార్, తాగున్రి" అంది. చెంచురామయ్య తాగాడు. చెంబు తిరిగి ఇస్తూ, "నిలబెట్టండి" అన్నాడు.

"కొట్టుడైతే మాకు అలవాటే సార్. నిలవెట్టుడు ఎన్నడు జెయ్యలే."

"నేనూ చేయలేదు మంగ్లీ. కానీ ఇది జరక్కపోతే నేను ఈ అడవిలోనే ఉండిపోవాలి. పెళ్లాం బిడ్డల దగ్గరికి వెళ్లేది ఉండదు."

ఆ మాట మంగ్లికి సూటిగా తగిలింది. సద్ది మూట కట్టేసి లేచింది. తండా అంతా గునపాలు పట్టింది. పాత మొద్దుల మీద మట్టి కప్పుతూ, పక్కన గుంత తీస్తూ, చెట్టు దింపి కాళ్లతో తొక్కుతూ పోయారు. జామాయిల్ ఆకుకు ఒక మంచి గుణం ఉంది. చెట్టు చచ్చిన సంగతి దానికి వెంటనే తెలియదు. చూస్తుండగా రోడ్డు పక్కన తోట లేచింది, తర్వాత వాగువైపూ లేచింది. చెంచురామయ్యకు ప్రాణం కొంచెం కుదుటపడింది. కాస్త దూరంగా వెళ్లి చూశాడు. చూశాక ఆ కుదుటపడిన ప్రాణం కాస్తా మళ్లీ పోయింది. పై మడిలో చెట్లన్నీ తాడిచెట్లలా ఉన్నాయి. కింది మడిలోవన్నీ గిడసబారిన పొదల్లా ఉన్నాయి.

"మంగ్లీ, ఇదేమిటి ఇలా పెట్టారు?"

"పొడుగు చెట్లకు లోతు గుంత గావాలె గద సార్. పైన నేల మెత్తగుంది, గవన్ని ఆడ పెట్టినం. కింద అంత రాయే. పొట్టియన్ని గాడ పెట్టినం."

"కలిపి పెట్టాలి. రెండూ ఒక్కలాగే ఉండాలి. మార్చండి, త్వరగా."

"జీపొస్తంది సార్" అన్నాడు బద్యా.

జనరల్ మేనేజరు వెంకటప్పయ్యది కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చి మిరప తోటలతో నిలదొక్కుకున్న కుటుంబం. భారీ మనిషి. జీపు దిగి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ తోట కేసి చూశాడు. పై మడి చూశాడు. కింది మడి చూశాడు. మళ్లీ పై మడి చూశాడు. మెడ తుడుచుకోవడం ఆపేశాడు.

"మడ్డి వేసింది ఎటువైపయ్యా?"

"రోడ్డువైపండీ" అన్నాడు చెంచురామయ్య నీరసంగా.

"ఇంత తేడా ఉంటే ఏమీ లేదని రాశావే?"

"ఇంత ఉందనుకోలేదండీ."

"అదేనయ్యా చదువుకున్నవాళ్లతో చిక్కు. మరీ అణకువ" అని వెంకటప్పయ్య లోపలికి అడుగు వేయబోయాడు. చెంచురామయ్య అడ్డం వెళ్లాడు. పొద్దున్నే పురుగుమందు కొట్టామనీ, ముట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతాయనీ చెప్పాడు. వెంకటప్పయ్య ఆగాడు. ప్రొఫెసర్ గారు మాత్రం ఏమీ విననట్టు చెట్ల మధ్యకు వెళ్లి, కొంతదూరం పోయి, ఎందుకో ఒక్కసారి తూలి, నిలదొక్కుకుని, కుంటుకుంటూ వెనక్కి వచ్చారు.

అప్పుడే వాగు మీది నుంచి గాలి లేచింది. ముందు వరసలో ఒక చెట్టు మెల్లగా పక్కకు ఒరగసాగింది. బద్యా పరుగున పోయి దాన్ని కావలించుకున్నాడు. దాని వెనక ఇంకోటి ఒరిగింది. దాన్ని మంగ్లి పట్టుకుంది. కాసేపట్లో తండావాళ్లు తలో చెట్టూ పట్టుకుని నిలబడ్డారు. ఆకులు గలగలమంటున్నాయి. చెంచురామయ్య కళ్లు మూసుకున్నాడు.

"వీళ్లంతా ఎందుకలా పట్టుకున్నారు?" అన్నాడు వెంకటప్పయ్య.

జవాబు మంగ్లి చెప్పింది. "మేం ఇడ్వం సార్. ఇడిస్తే మా సార్ ఆగమైతడు."

వెంకటప్పయ్య ఆ మనుషులను ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాడు. "ప్రొఫెసర్ గారూ, నేను ఎన్నో తోటలు చూశాను. కూలోళ్లు చెట్టును ఇలా గుండెకు హత్తుకోవడం ఎక్కడా చూడలేదు. మనం వచ్చిన పని వేరు. ఆ పని ఇక వద్దు. ఇంకో ఐదేళ్లు నడుపుదాం. పక్కనున్న భూమి కూడా కలిపి చేద్దాం. కానీ ఒక్క షరతు. ఈ కుర్రాణ్ణి ఇక్కణ్ణుంచి కదపకూడదు."

ఆ మాట చెప్పి ఆయన జీపులో కూర్చున్నాడు. ప్రొఫెసర్ గారు చెంచురామయ్యను పక్కకు తీసుకెళ్లారు.

"వచ్చిన పని వేరన్నారు, ఏమిటి సార్ అది?" అన్నాడు చెంచురామయ్య.

"ప్రాజెక్టు మూసేద్దామని వచ్చాం. ఫలితం లేదని నువ్వే రాశావుగా. నిన్ను వెనక్కి తీసుకెళ్దామనే అనుకున్నాను. నీ లెక్చరర్ ఆర్డరు నా బ్యాగులోనే ఉంది."

చెంచురామయ్య గుండె ఒక్క క్షణం ఆగి, తప్పనిసరై మళ్లీ కొట్టుకుంది. "ఇచ్చెయ్యండి సార్."

"ఇప్పుడెలా ఇస్తాను? నువ్వుంటేనే తోట అన్నాడు కదా. ఆ ఆర్డరు ఇంకెవరికైనా ఇవ్వాలి."

"సార్, మీకొక నిజం చెప్పాలి. ఆ చెట్లకు వేళ్లు లేవు. పొద్దున కొట్టేశారు. మధ్యాహ్నం పాతాం."

"తెలుసు."

"తెలుసా?"

"నేను బోటనీ ప్రొఫెసర్నయ్యా. చెట్టుకూ గుంజకూ తేడా తెలియదనుకున్నావా? పైగా ఒక మొద్దు తగిలి బొటనవేలి గోరు లేచిపోయింది."

"మరి ఆయనతో చెప్పలేదేం సార్?"

ప్రొఫెసర్ గారు చెప్పులోంచి కాలు తీసి వేలి వంక చూసుకున్నారు. "రెండేళ్లు నువ్వు నిజమే రాశావు. ఆయన ఒక్క అక్షరం నమ్మలేదు. ఇవాళ కళ్లారా చూసి నమ్మాడు. తిరిగి వెళ్లేటప్పుడు మన డిపార్ట్‌మెంటుకు కొత్త లాబొరేటరీ సంగతి అడుగుతాను, ఇప్పుడు కాదనడు. ఈ నిలబెట్టినవి ఎలాగూ ఎండిపోతాయి. కింద మొద్దులున్నాయి, వానలకు చిగురిస్తాయి. ఐదేళ్లు టైముంది నీకు. తొందరేం లేదు."

"మా ఆవిడకు ఏమని చెప్పమంటారు సార్?"

ప్రొఫెసర్ గారు అతని భుజం తట్టి, కుంటుకుంటూ వెళ్లి జీపెక్కారు. జీపు మలుపు తిరిగింది. దుమ్ము కొంతసేపు గాలిలో ఉండి అణిగిపోయింది.

మంగ్లి చెట్టును కావలించుకునే అడిగింది, "ఇడ్వమంటరా సార్? చేతులు గుంజుతున్నయ్."

"వదిలెయ్యండి" అన్నాడు చెంచురామయ్య.

వాళ్లు వదిలేశారు. జామాయిల్ ఒకదాని మీద ఒకటి ఒరిగి, రోడ్డు దగ్గర మొదలుపెట్టి వాగు దాకా వరసగా పడుకుంది. తండావాళ్లు సద్ది మూటలు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం తోటలో గట్టిగా నాటుకుని నిలబడి ఉన్నది చెంచురామయ్య ఒక్కడే.