పికప్ దాత

మనుషులు రెండు రకాలు. పికప్ ట్రక్కు ఉన్నవాళ్ళు, వాళ్ళ ఫోన్ నంబరు ఉన్నవాళ్ళు. ఇంగ్లండులోని మా షెఫీల్డ్ తెలుగువాళ్ళలో మొదటి రకం మనిషి ఒక్కడే ఉన్నాడు. అది నేను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. రోజు మొత్తమ్మీద ఎత్తే బరువు లాప్‌టాప్. అలాంటివాడికి పికప్ ఎందుకని అడగొచ్చు. పెరట్లో టమాటా మడికి నాలుగు బస్తాల మట్టి కావలసి వచ్చింది. డెలివరీ చార్జీ దండగనిపించి ట్రక్కు కొన్నాను. (ఈ పొదుపు మా ఆవిడ అలివేలుమంగకి ఇప్పటికీ అర్థం కాలేదు.)

మట్టి దించేలోపే సంగతి తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపుకి పాకింది. ఈ ఊళ్ళో మనవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు ఫ్లాట్ మారుతూనే ఉంటారు. అందుకో పద్ధతి స్థిరపడింది. శుక్రవారం సాయంత్రం ఫోను వస్తుంది. "అన్నా, బిజీగా ఉన్నారా?" అంటారు. "అబ్బే లేదు, చెప్పండి" అనాలి. దీనికి ఇంకో జవాబు మన భాషలో ఉన్నట్టు నాకైతే తెలియదు. తరవాత "ఐదు నిమిషాల పని" అంటారు. ఐదు నిమిషాలంటే శనివారం. కూలి కింద టేకవే డబ్బాలో పులిహోర ఇస్తారు. డబ్బా తిరిగివ్వాలి.

"మీరు లారీ తోలేదానికి వచ్చినారా ఈ దేశానికి?" అని అలివేలుమంగ అడిగింది. అప్పుడు నేను ఎవరిదో సోఫా మోసి నడుం పట్టుకుని పడుకుని ఉన్నాను.

అసలు బాధ మా అమ్మాయి నిఖితతో. దాని ఈత పోటీలన్నీ శనివారాలే. ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. "డాడ్, యూ డోన్ట్ హావ్ టు కమ్. జస్ట్ సే సో" అంది ఒకరోజు. కోపంగా అనుంటే సర్దిచెప్పేవాణ్ణి. చాలా మర్యాదగా అంది. ప్రాణం చివుక్కుమంది. ఈసారి ఫైనల్‌కి వచ్చి తీరతానని మాట ఇచ్చాను.

మాట నిలబెట్టుకోవడానికి సులువైన మార్గం, ఫోన్లో "కుదరదండీ" అనడం. అంత మొరటుతనం మా వంశంలో లేదు. పోనీ ట్రక్కు అమ్మేద్దామంటే "మాకు ఒక్క మాట చెప్పలేదే" అంటారు. దానం చేస్తే మాత్రం ఎవరూ నోరెత్తలేరు. ఆ విధంగా నా పిరికితనానికి సమాజసేవ అని పేరు పెట్టి, గుడ్ యాక్సిల్ ట్రస్ట్ వారి యాప్‌లో దాతగా నమోదయ్యాను. వాళ్ళు పాత బండ్లు వేలం వేసి, వచ్చినదానితో ముసలివాళ్ళకి వేడి భోజనం పెడతారు.

అయితే దాత కావడం అందరికీ సాధ్యం కాదు. దాతల సంక్షేమ విభాగం మేనేజరు గిలియన్ గారు వీడియో కాల్‌లో నా మానసిక సంసిద్ధతని పరీక్షించారు. బండితో నా అనుబంధం ఎలాంటిది? అది వెళ్ళిపోయాక నాకు తోడుగా ఎవరైనా ఉంటారా? దానం చేయమని ఎవరైనా ఒత్తిడి తెస్తున్నారా? తెలుగు సంఘాన్ని మొత్తం ఒకసారి కళ్ళముందుకి తెచ్చుకుని, లేదన్నాను.

తరవాత తనిఖీ అధికారి డెరెక్ గారు దయచేశారు. బానెట్ మీది పసుపు కుంకుమల్ని "మరక, మూలం అనిశ్చితం" అని రాసుకున్నారు. బంపరుకి వేలాడుతున్న ఎండు నిమ్మకాయ, మిరపకాయలు ఏమిటన్నారు. దిష్టికన్నాను. దిష్టి ఏమిటన్నారు. ఎవరైనా చూసి 'అబ్బ, ఎంత బాగుందో' అనుకుంటే బండికి కీడని వివరించాను. ఆయన ట్రక్కుని ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, ఆ ప్రమాదం లేదన్నారు. అయినా నిబంధన నిబంధనే కాబట్టి "అదనపు భద్రతా పరికరం, తయారీదారు ఆమోదం లేదు" అని నమోదు చేసి, చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగారు. పోయిన అమావాస్యకన్నాను. అదీ రాసుకున్నారు.

ట్రక్కు వెళ్ళిపోయింది. శుక్రవారం సంఘం అధ్యక్షులు కిషన్‌రావు గారి ఫోను వచ్చింది.

"మల్లికార్జున గారూ, బిజీగున్నరా? ఒక్క ఫ్రిజ్ ఉన్నది. ఐదు నిమిషాల పని."

"ట్రక్కు చారిటీకి ఇచ్చేశానండీ."

"ఉత్తగనే ఇచ్చిన్రా?"

"ఊరికేనండీ."

"ఇంట్ల అంత మంచిదేనా? నౌకరి గిట్ల ఏమన్న..."

"అబ్బే, అంతా బాగానే ఉంది."

"సరే సరే. మీరేం ఫికర్ చెయ్యకున్రి."

గెలిచాననుకున్నాను. కానీ నడిచే బండిని మనవాడెవడూ ఊరికే వదులుకోడని సంఘానికి తెలుసు. ఉద్యోగం పోయింది, ఇన్సూరెన్సు కట్టలేక వదిలించుకున్నాడు, అభిమానం కొద్దీ చెప్పుకోలేకపోతున్నాడు అని అత్యవసర కార్యవర్గ సమావేశం ఏకగ్రీవంగా నిర్ధారించింది. నేను లేని వాట్సాప్ గ్రూపు ఒకటి పుట్టింది. చందాలు పోగయ్యాయి.

ఫైనల్ రోజు పొద్దున నిఖిత బ్యాగు తగిలించుకుని, నేను దాని తువ్వాలు పట్టుకుని తలుపు తీశాం. మా వాకిట్లో ట్రక్కు ఉంది. బానెట్‌కి బంతిపూల దండ, చక్రాల కింద తాజా నిమ్మకాయలు. చుట్టూ నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. వేలంలో పాడుకున్నారట. కిషన్‌రావు గారు నాకు శాలువా కప్పారు.

"మీ అసొంటి మనిషికి కష్టమొస్తె మేం సూస్కుంట కూసుంటమా?"

ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. వీళ్ళందరికీ నేనంటే ఇంత ప్రేమని తెలిసుంటే అసలు ట్రక్కే కొనేవాణ్ణి కాదు.

"ఎట్లన్న వస్తున్నం గదా అని ఫ్రిజ్ గూడ ఎక్కించినం," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడు బండి మీదాయె, మేం తోలితె మర్యాద గాదు. బిజీగున్నరా?"

నిఖిత నా వైపు చూసింది.

"అబ్బే లేదు, చెప్పండి," అన్నాను.

అది నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని వాళ్ళమ్మ కారెక్కింది.

నిఖితకి రెండో బహుమతి వచ్చిందట. ఫ్రిజ్ కూడా బాగానే పనిచేస్తోందట.