గోతికో నంబరు

ఆదివారం పొద్దున్న పదింటికి గ్రంథాలయం హాల్లో తన పన్నెండు నిమిషాల హాస్యచిత్రం వేసి, ఊరిని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాలన్నది ఫోటోగ్రాఫర్ పథకం. భార్య షరతు మాత్రం చిన్నది. ఈసారీ ఎవరూ నవ్వకపోతే సినిమాలు మానేసి, కెమెరాను పెళ్లిళ్లకే పరిమితం చెయ్యాలి. మొదటి రెండు చిత్రాలకు నవ్వులు రాలేదు; తీసినవాడు నవ్వులపాలయ్యాడు.

మూడో కథ చరిత్రకే చురక. ఇరవై ఏళ్ల కిందట నాలుగు ఓట్లతో ఓడిన మామగారు ఆ రోజే గెలిచి మునిసిపల్ చైర్మన్ అయ్యుంటే? సినిమాలో ఆయన రోడ్ల మీది గోతులు పూడ్చరు; గోతికో నంబరేసి రిబ్బను కత్తిరిస్తారు. వేషం మామగారిదే. వెక్కిరింతంటే ఒప్పుకోరని అల్లుడు దాన్ని జీవితచిత్రమని చెప్పాడు. ఆయన నమ్మేశారు, నటించలేదు, ఏకంగా పాలించారు.

తెర మీద ఆయన గోతి ముందు నిలబడి గొంతు సవరించుకోగానే హాల్లో నవ్వు పేలాలి. ఎవరో దగ్గారు. భార్య ఆవులించింది. మామగారి గాంభీర్యానికి ముగ్ధురాలై, సినిమా అవగానే ముందు వరసలోంచి టైలరమ్మ లేచింది.

"బాబాయ్‌గారూ, మా వీధి గోతికి నంబరిచ్చారా?"

"ఇంకా లేదమ్మా. రాయించు," అన్నారు మామగారు, జేబులోంచి పెన్ను తీస్తూ.

అంతే, జనం వరస కట్టారు. ఇది కామెడీ అని చెప్పబోయిన అల్లుణ్ణి, మధ్యలో దూరొద్దని వెనక్కి నెట్టారు. మధ్యాహ్నానికి నూటేడు గోతులు నమోదయ్యాయి. కబురు అసలు చైర్మన్ మేడమ్‌గారి చెవిన పడింది. వచ్చే నెలే ఎన్నికలు. మామగారు మళ్లీ నిలబడతారేమోనని ఆవిడ కాళ్ల కింద నేల కదిలింది. మర్నాడు తెల్లారేసరికి పెయింటు డబ్బాలతో మనుషులు వీధుల్లోకి దిగారు.

ఫోటోగ్రాఫర్ గుమ్మం ముందు గోతికీ నంబరు పడింది. చైర్మన్‌గారు స్వయంగా వచ్చి రిబ్బను కత్తిరించి, చప్పట్లకు నమస్కరిస్తూ ఓ అడుగు వెనక్కి వేసి, మోకాలిదాకా అందులోనే దిగబడ్డారు.

గుమ్మంలో ఉన్న భార్య నవ్వింది. గోడకు చేరగిలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"నవ్వావుగా," అన్నాడతను ఆశగా. "కథ నాదే."

"మీదే. మీరు తీస్తే ఆవులింతొచ్చింది. ఆవిడ చేస్తే నవ్వొచ్చింది."

ఆ వారంలోనే అతని కెమెరా పెళ్లిళ్లకు వెళ్లింది. అక్కడ 'కాస్త నవ్వండి' అంటే జనం నవ్వుతారు.