ఆరోగ్యవంతమైన సాక్షి

ఏరు రెండుసార్లు పొంగిన ఏడాది, లంక ఊళ్ళలో సాక్ష్యం చెప్పే పనిని మనుషుల నుంచి తప్పించి బల్లులకు అప్పగించారు. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. మాట వెనక బల్లి పలికితే వేలితో నేలమీద కొట్టి "సత్యం" అనుకోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. సర్కారు దానికి ఒక శాఖను కలిపింది, అంతే. పైగా వరదలో మనుషులంతా గట్టెక్కి పారిపోయారు. గోడలు పట్టుకుని చివరిదాకా ఉన్నవి బల్లులే. ఏ ఇల్లు నిలిచిందో, ఏది కొట్టుకుపోయిందో వాటికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

పద్ధతి తేలిక. ఇంటికొక బల్లి. సాక్ష్య శాఖ ఇనస్పెక్టరు వచ్చి గోడ ముందు నిలబడి విచారణ చేస్తాడు. బల్లి ఏ మాట వెనక పలికితే ఆ మాట నిజం. ఇల్లు ఉందని తేలితే ఆ చోటును ఇల్లుగా రాసుకుంటారు. తేలకపోతే ఏరుగా రాసుకుంటారు. మధ్యలో మరో గడి లేదు.

కొబ్బరిచెట్లెక్కి దింపులు తీసే చిట్టెబ్బాయికి ఉన్నది ఒక్కటే ఇల్లు. రెండు వరదల్లోనూ గోడలు నిలిచాయి. కప్పు పోతే తాటాకు కప్పుకున్నాడు. కళ్ళెదుట నిలబడి ఉన్న ఇల్లు గనక భయం లేదనుకున్నాడు. కానీ అతని బల్లి పలకడం లేదు.

ఇనస్పెక్టరు దైవకృపారావు మొదటి తనిఖీకి వచ్చి బల్లిని భూతద్దంతో చూశాడు. తోక మొదలు సన్నబడింది. వెనక కాలి వేళ్ళకు కుబుసం అంటుకుని ఉంది.

"నీరసంగా ఉందండి. జబ్బు బల్లి మాట చెల్లదు. తోక లేనిదైతే తోక మొలిచేదాకా ఆగాలి. మీదానికి తోకుంది, అదృష్టం. మేపండి."

"ఆయ్," అన్నాడు చిట్టెబ్బాయి.

"ఇంట్లో మాట్లాడుకుంటారా?"

చిట్టెబ్బాయి ఆలోచిస్తూ ఉండగానే అతని భార్య మంగాయమ్మ గుమ్మంలోంచి అందుకుంది.

"నేను మాటాడతానండి. ఈయన వింటాడో లేదో నాకు తెలీదు. మొగుడే పలకనప్పుడు బల్లెందుకు పలుకుద్దండీ?"

దైవకృపారావు నవ్వలేదు. మాటల్లేని ఇంట్లో బల్లి పలకదని శాఖ ఉత్తర్వుల్లోనూ ఉంది.

ఆ రోజు నుంచి చిట్టెబ్బాయి బల్లి పోషణలో పడ్డాడు. గోడకు కర్ర చట్రం కొట్టి దోమతెర బిగించాడు. లోపల ఒక మూల బల్బు, ఇంకో మూల తడిపిన కొబ్బరి పీచు. ఒళ్ళు కాచుకోవాలంటే అటు, చల్లబడాలంటే ఇటు వెళ్ళడానికి దారి ఉండాలి. పొద్దుటి ఎండ కాస్త తగలాలి. దాక్కోవడానికి ఎవరూ చూడని చోటొకటి ఉండాలి. ఇవన్నీ లేకుండా ఏ ప్రాణినీ ఒకచోట ఉంచరాదని ఉత్తర్వు. అది బల్లుల వరకే.

గిన్నెలో నీళ్ళు పెడితే బల్లి అటు చూడలేదు. గోడమీద చిలకరిస్తే చుక్క చుక్కా నాకింది. ఎందుకలాగో చిట్టెబ్బాయికి అంతుపట్టక, పనికి పోవడం మానేసి చూస్తూ కూర్చున్నాడు. దానికి రెప్పల్లేవనీ, కంట్లో నలక పడితే నాలుకతోనే తుడుచుకుంటుందనీ అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉండి ఆ మాత్రం గమనించలేదేమని ఆశ్చర్యపోయాడు. దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్ద పురుగు వేస్తే మింగలేకపోయింది. చిన్నవి ఏరి, ముందు వాటికి గుమ్మడి ముక్క తినిపించి, కోడిగుడ్డు పెంకుల పొడి అద్ది వదిలేవాడు. ఆ పొడి అందకపోతే ఎముకలు మెత్తబడి దవడ వంగిపోతుందట. తడి పీచులో తిరగ్గా తిరగ్గా వేళ్ళ కుబుసం ఊడిపోయింది.

"మనకి పచ్చడి మెతుకులు, పురుగులకి గుమ్మడికాయానా!" అనేది మంగాయమ్మ. సందేళ బల్బు వేసి, చట్రం కింద రాలిన రెక్కలు ఊడుస్తూ, "ఇదీ ఒక ఇల్లేనా!" అని రోజూ అనేది. దీపానికి పురుగులు మూగే వేళ అదే. బల్లి ఒళ్ళు విరుచుకునే వేళా అదే.

చిట్టెబ్బాయి పగలంతా చట్రం ముందు కూర్చుని దానికి చెప్పేవాడు. "ఇది మా ఇల్లు." పెళ్ళయిన తర్వాత అన్ని మాటలు అతను ఎవరితోనూ ఆడలేదు. బల్లి తల వంచి వినేది. తోక లావెక్కింది. చర్మం నిగనిగలాడింది. ఒక సాయంత్రం చిక్ చిక్ చిక్ మని పలికింది.

"సత్యం! సత్యం!" మంగాయమ్మ చీపురు పడేసి నేలమీద కొట్టింది. "ఏవయ్యోయ్, పలికింది!"

చిట్టెబ్బాయి నవ్వాడు. ఏ మాట వెనక పలికిందో ఇద్దరూ గమనించలేదు.

విచారణకు దైవకృపారావు పొద్దు వాలాక వచ్చాడు. బల్లిని చూసి ముచ్చటపడ్డాడు.

"దివ్యంగా ఉందండి. లంక మొత్తంలో ఇలాంటి బల్లి లేదు. ఇక చెప్పండి."

"ఇది మా ఇల్లు."

బల్లి కన్ను నాక్కుంది.

"మళ్ళీ చెప్పచ్చండి, తప్పులేదు."

"ఇది మా ఇల్లేనండి. ఇటికా ఇటికా నేనే పేర్చాను."

బల్లి పీచు వైపు జరిగింది. చీకటి ముసురుతోంది. మంగాయమ్మ ఉండబట్టలేక బల్బు వేసింది. వెలుగులో ఇనస్పెక్టరు కోసం వేసిన పీట నిండా పురుగుల రెక్కలు కనబడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయి, కొంగుతో దులుపుతూ, నోటికి అలవాటైన మాట అనేసింది.

"ఛీ, ఇదీ ఒక ఇల్లేనా!"

బల్లి పలికింది. గట్టిగా పలికింది. ఆగి మరోసారి పలికింది.

మంగాయమ్మ చెయ్యి నేలమీద కొట్టబోయి గాలిలోనే ఆగిపోయింది. దైవకృపారావు గడిలో "ఏరు" అని రాసుకున్నాడు.

"అది ఊరికే అన్న మాటండి బాబూ! విసుగొచ్చి అంటాం కదండీ. మీ ఇంట్లో మీ ఆవిడ అనదా?"

"అంటుందమ్మా. మా బల్లి నలతగా ఉంటుంది."

చిట్టెబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "అప్పీలు?"

"జబ్బు బల్లయితే దారుండేదండి. మీరు ఇంత బాగా పెంచేశారు. దీని మాట ఇక ఏ కోర్టూ కాదనదు." దైవకృపారావు అతని చెయ్యి పట్టుకుని మనస్ఫూర్తిగా ఊపాడు. గుడ్డు పెంకులు వేయించి నూరారా, ఎండబెట్టి నూరారా అని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత అరుగు చివర ఆగి, చెప్పులు చేతిలోకి తీసుకుని, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, ఎండి పగిలిన వాకిట్లోకి జాగ్రత్తగా దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే చిట్టెబ్బాయి గోడమీద నీళ్ళు చిలకరించి, బల్లికి మేత వేశాడు. పంచె తొడల దాకా ఎగ్గట్టాడు. వెదురుగడతో అడుగు చూసుకుంటూ అరుగు మీంచి వాకిట్లోకి ఒక కాలు దించాడు. రెండోది దించాడు. దుమ్ము లేచింది.

"ఎంతుందయ్యా?" అరుగు మీద నిలబడి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంటూ అడిగింది మంగాయమ్మ.

"మోకాల్లోతు," అని, ఆమె దిగడానికి చెయ్యి అందించాడు.