గవర్రాజు కొత్త సెట్టుకు ఒక సిఫారసు

అయ్యలారా, అమ్మలారా! సెకండ్‌హ్యాండ్ రేడియో సెట్టు కొనేవాడికి బుద్ధి లేదు. ఎవరేమనుకున్నా సరే, ఉన్న మాట ఇది.

పాటలు వినే రేడియో సంగతి కాదు సుమా! లైసెన్సు తీసుకుని, ఇంట్లోంచే గాలిలో మాట పంపి, ఎక్కడో ఉన్న ఇంకో లైసెన్సుదారుడి మాట వింటారే, ఆ హామ్ రేడియో. అందులో పాతదా కొత్తదా అన్నది ఒక ప్రశ్నేనా? కొత్తదే! అనుమానముంటే కిరండూల్ వెళ్లి గవర్రాజును అడగండి.

గవర్రాజు ఇనుప గనిలో ఎలక్ట్రీషియన్. ఆయన పాత సెట్టు ఎన్ని చేతులు మారి వచ్చిందో అమ్మినవాడికే తెలియదు. కదపాలంటే ఇద్దరు కావాలి. లోపలి గాజు వాల్వులు వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది. మూత వెచ్చగా ఉంటుందని ఆయన భార్య పార్వతమ్మ వానాకాలమంతా ఇడ్లీ పిండి గిన్నె దాని మీదే పెట్టేది. అది రేడియోనా, కుంపటా?

ఇక అవతలివాడు అప్పలకొండ. రైల్వేలో సిగ్నల్ మనిషిగా చేసి, రిటైరై, కిరండూల్ ఖనిజం మోసే రైలు మార్గానికి రెండో కొసన, కొత్తవలసలో ఉంటున్నాడు. వినడానికి ఒక పెట్టె, పంపడానికి ఇంకో పెట్టె. పంపే పెట్టె సొంత చేత్తో కట్టుకున్నదే. అది చెప్పిన ఫ్రీక్వెన్సీ నంబరు మీద ఏనాడైనా నిలిచిందా? మాట ఎప్పుడూ కాస్త పక్కన మొదలై, పెట్టె వేడెక్కేకొద్దీ ఇంకా పక్కకు జారిపోయేది. గవర్రాజు రెండు వేళ్లూ డయల్ తిప్పుతూ దాని వెంటే నడిచేవి. రోజూ పొద్దున్నే ఆరున్నరకు, ఇరవయ్యారేళ్లు! ఎంత చాకిరీ!

అది చాలదన్నట్టు, ఖనిజం నింపుకున్న రైలు కదలగానే కరెంటు ఇంజను ధాటికి పాత సెట్టు జుయ్యిమని ఏడ్చేది. ఆ ఏడుపు వినబడగానే అప్పలకొండ అడగకుండా ఉండలేడు. "బండెలిపోనాదేట్రా?" గవర్రాజు "ఎలిపోనాది" అనాలి. అప్పుడుగానీ వాళ్లకు తెల్లారినట్టు కాదు.

మొన్న వానలు పడేవేళకు అప్పలకొండ గొంతుకు జబ్బు చేసింది. విశాఖలో ఆపరేషన్ అన్నారు. తర్వాత మాట ఉంటుందో ఉండదో డాక్టర్లే చెప్పలేకపోయారు. "ఉన్నన్నాళ్లూ మాటాడీసుకుందాం రా" అన్నాడు అప్పలకొండ. ఉన్న ఆ కాస్త గొంతూ స్పష్టంగా వినాలని గవర్రాజు కొత్త సెట్టు తెప్పించాడు. అప్పలకొండ దీవెన ఏమిటో తెలుసా? "ముసిలోడివి, నీకీ సోకులేట్రా?" గవర్రాజుకు చురుక్కుమంది.

కానీ సెట్టు ఎలాంటిదనుకున్నారు! గాలిలోని చప్పుళ్లను గీతలుగా చూపే రంగుల స్క్రీను, నూట నలభై ఏడు మెనూలు. నాయిస్ తీసేసే బటన్ నొక్కగానే రైలు లేదు, వాన లేదు, ఉరుము లేదు! డయల్ కదలకుండా తాళం బొమ్మ ఉన్న బటన్ ఇంకొకటి. గనిలో స్విచ్చికి తాళం వేసి, ఎర్ర చీటీ తగిలించనిదే ముప్పయ్యొక్కేళ్లలో ఒక్కనాడు మిషను ముట్టినవాడు కాదు గవర్రాజు. అలవాటు ఊరుకుంటుందా? తమ నంబరు పెట్టి తాళం నొక్కాడు. డయల్‌కు నిజంగానే ఎర్ర చీటీ కట్టాడు: "ముట్టరాదు. మనిషి పనిలో ఉన్నాడు."

మర్నాడు ఆరున్నరకు పిలిచాడు. నిశ్శబ్దం. ఎంత శుభ్రమైన నిశ్శబ్దం! రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. అయిదో రోజుకు బతిమాలాడు. ఎనిమిదో రోజుకు తిట్టాడు.

"ఒరే అప్పలకొండా! కొత్తది కొన్నానని కడుపుమంటేట్రా నీకు? పలకవేట్రా?"

ఫోన్ చేయొచ్చుగా అంటారా? రేడియో మనిషికి ఫోన్ చేయడమంటే ఓటమి ఒప్పుకోవడం! పైగా అవతల అప్పలకొండ కోడలు ఎత్తి ఏ కబురు చెబుతుందోనని లోపల భయం.

పదకొండో రోజు పార్వతమ్మ కాఫీ తెచ్చి అడిగింది. "ఏటండీ, ఆ అద్దంలో మీ గీత పక్కన ఇంకో గీత పాకుతోంది?"

"అదా? నాయిస్. కొత్త సెట్లు నాయిస్‌కి కూడా బొమ్మ గీసి చూపిస్తాయి" అన్నాడు గర్వంగా.

పన్నెండో రోజు ఆవిడ అక్కడే నిలబడి చూసింది. "మీరు మాటాడితే అది ఆగిపోతోంది. మీరు ఊరుకుంటే కదులుతోంది. నాయిస్‌కి అంత మర్యాదేటండీ?"

గవర్రాజు చీటీ పీకేశాడు. తాళం తీశాడు. రెండు వేళ్లతో డయల్ తిప్పాడు. గీత దగ్గరికొచ్చినా ఏమీ వినబడలేదు. నాయిస్ బటన్ కూడా ఆపేశాడు. రైలు జుయ్యిమంది. ఆ రొద అడుగున, గుసగుసగా, ఒక గొంతు.

"బండెలిపోనాదేట్రా?"

"ఒరే! ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావురా?"

"ఇక్కడే ఉన్నాన్రా. నీ తిట్లన్నీ ఇన్నాను. అన్నిటికీ జవాబిచ్చాను. నా పెట్టే పాడైపోనాదని రోజూ ఇప్పి బాగుసేసుకున్నాను. నీకినబడాలని అరిసి అరిసి గొంతిలాగైపోనాది. రేపే ఆస్పత్రికెళ్తన్నాను."

గవర్రాజు మైకు బటన్ నొక్కిపట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. చాలాసేపటికి "ఎలిపోనాది రా, బండెలిపోనాది" అన్నాడు.

కాబట్టి పాఠకులారా, ఆలోచించకండి, కొత్తదే కొనండి! గవర్రాజు దగ్గరే ఒకటి అమ్మకానికుంది. పన్నెండు రోజులు మాత్రమే వాడినది. స్క్రీను మీద గీత పడలేదు. రైలు వినబడదు, వాన వినబడదు, స్నేహితుడు అసలే వినబడడు. పాతది మాత్రం అడక్కండి. వెచ్చబడిన దాని మూత మీద మళ్లీ పిండి గిన్నె పెట్టారు.