సిస్టరమ్మ కోడీ, స్పెయిన్ మాటా

తొంభై ఏడులో ఆ చలికాలపు ఉదయం సోములమ్మ వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటి జీపులో సిస్టరు క్యాథరిన్ చింతపల్లి దిగి, అట్నుంచి తన స్పెయిన్ దేశం వెళ్లిపోతుంది. ఆలోగా ఆమెకి బొంగులో కోడి వండి పెట్టాలి. ఏ కోడి పడితే ఆ కోడి కాదు. ఊరు విడిచేవాళ్లకి, రోజూ వాళ్లని నిద్రలేపిన కోడినే పెట్టాలని సోములమ్మ ఇంట్లో తాతలనాటి ఆనవాయితీ. అది తిన్నవాళ్లు భూమి అంచుకి వెళ్లినా, తెల్లారేసరికి కడుపులో కోడి కూస్తుంది. కూస్తే వెనక్కి రాక తప్పదు.

మిషను బడిలో వంట చేసే సోములమ్మకి సిస్టరంటే ప్రాణం. ఎలాగైనా వెనక్కి రావాలి. అందుకని మొగుడు గాసిని వెదురుబొంగుల కోసం పొద్దున్నే కొండకి తోలి, సిస్టరు కిటికీ కింద కూసే ఎర్రపుంజుని కోసేసింది. ఆ పుంజు కూస్తే ఎక్కడో టైడా స్టేషనులో ఆగిన రైలు కదిలేదని ఊళ్లో చెప్పుకునేవారు.

సిస్టరు తలుపు తీసింది. ఈకలు చూసింది. సోములమ్మ నెత్తుటి చేతులు చూసింది. "అసెసినాతో!" అని కేక పెట్టి, లోపలికెళ్లి గడియ వేసుకుంది.

సిస్టరు దగ్గర స్పెయిన్ భాష నేర్చుకున్న బడి పంతులు విల్సన్ పరుగున వచ్చాడు.

"ఏటన్నాది మాస్టారూ?"

"హత్య అన్నాది."

"కోడినే కదా కోసినాను!"

"కోడికి ఆ మాట వాడరు. సిస్టరమ్మే బైబులు పట్టుకుని సెప్పినాది. కయీను తమ్ముణ్ణి సంపినాడే, అది అసెసినాతో. తప్పిపోయిన కొడుకొచ్చాడని దూడని కోసినారే, అది వొట్టి మతార్, అంటే సంపడం. మనిసిని కావాలని సంపితేనే ఈ మాట." విల్సన్ గొంతు తగ్గించాడు. "గాసి ఏడీ?"

"బొంగులకెల్లాడు."

"అందరూ అలాగే సెప్తారమ్మా."

ఈలోగా జనం మూగారు. "నిన్న ఎండుసేప కాడ మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకున్నారు," అంది పక్కింటి నీలవేణి. ఆ మాట వీధి చివరికి చేరేసరికి ఎండుచేప కాస్తా కత్తి అయింది. గాసి అన్న సుక్రు నేలమీద కూలబడి "నా తమ్ముడు బంగారం" అని రాగం అందుకున్నాడు. నిన్నటిదాకా "ఆ బద్ధకస్తుడు" అన్నది ఆయనే. పోలీసులకి చెప్పాలని డ్రైవరు పైడయ్య, ఊరికున్న ఒక్క జీపూ వేసుకుని ఘాటీ దిగిపోయాడు.

అప్పుడు వచ్చాడు గాసి, భుజాన బొంగులతో. అందరూ ఏడవడం చూసి, బొంగులు దించి, తనూ ఏడుపు మొదలెట్టాడు. బాగా ఏడ్చాక అడిగాడు: "ఎవులు పోయారన్నా?"

"నువ్వేరా," అన్నాడు సుక్రు వెక్కుతూ. తర్వాత తలెత్తి చూశాడు.

ఆ గోలకి సిస్టరు గడియ తీసింది. విల్సన్ ఎదురెళ్లాడు. "సిస్టరమ్మా, మనిసికే కదా ఆ మాట? మరి మనిసేడీ?"

"మనిషికే," అంది సిస్టరు కళ్లు తుడుచుకుంటూ. "కోడికి అనడం తప్పు. కానీ మీ భాష రాని రోజుల్లో, నాతో రోజూ మాట్లాడింది అదొక్కటే."

సోములమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. "తింటే కడుపులో కూత్తాది, మల్లీ వత్తావని కోసినానమ్మా. నువ్వు రాకపోతే నానెవులికి వొండాల?"

సాయంత్రం బొంగు చీల్చాక, సిస్టరు ఏడుస్తూనే ఒక ముక్క తింది. రెండోది తిన్నాక మిరియం చాలలేదంది.

జీపు చీకటి పడ్డాక గాని తిరిగి రాలేదు. మర్నాడు తెల్లవారుతూనే అది బయల్దేరుతుందని, సిస్టరు సామాను సర్దుకుని పెందలాడే పడుకుంది. లేపడానికి కోడి లేదు.